నీళ్లదొంగకి అడ్డుపెట్టిన వేలు

ఆసుపత్రి ఎదురుగా టీకొట్టులో బావ గొంతు వినపడగానే బావమరిది గుమ్మం దగ్గరే ఆగాడు. ఆసుపత్రిలో అక్క సాయంత్రం దాకా ఉండటం కూడా కష్టమన్నారు డాక్టర్లు, బావని పిలుచుకురమ్మని తనని పంపారు. ఈ కోతలరాయుడు చూస్తే, బల్ల మీద బాసింపట్టు వేసుకుని, మ్యూజియంలో ముప్ఫై ఏళ్లు ఊడ్చిన తన ఉద్యోగం గురించి మాటల్ని కోటలు దాటిస్తున్నాడు.

"నీటి గడియారమయ్యా! కుండకి అడుగున చిల్లు. చుక్కచుక్కా కారిపోతుంటే ఎంత పొద్దయిందో తెలిసేది. పాతకాలం గ్రీకులు దాన్ని నీళ్లదొంగ అనేవాళ్లు. ఎందుకంటావా? నిండుగానే ఉందనుకుని అటు తిరిగి ఇటు చూస్తావు, సగం ఉండదు. ఆ చిల్లుకి సున్నం పట్టి మూసుకుపోతే పెద్దపెద్ద ఇంజనీర్లే చేతులెత్తేశారు. నేను గుర్రం తోకవెంట్రుక ఒక్కటి దూర్చి బాగుచేశా."

"అంతేనా?" అన్నాడు టీకొట్టాయన.

"అంతేనా అంటావేంటి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అదెంత కచ్చితంగా నడిచిందంటే, ఊళ్లో కోళ్లు దాన్ని అడిగి మరీ కూసేవి. ఓ రోజు సరదాకి ఆ చిల్లుకి బొటనవేలు అడ్డుపెట్టా. అంతే! వంతెన మీద రైలు ఆగింది, పొంగే పాలు గిన్నె అంచున ఆగాయి, తుమ్మబోయిన మా ఆఫీసరు మూడ్రోజులు నోరు తెరుచుకుని అలాగే ఉన్నాడు. చివరికి సూర్యుడే దిగొచ్చి, 'బాబ్బాబు, వేలు తియ్యి, ఇంటికెళ్లాలి' అని నా కాళ్లు పట్టుకున్నాడు!"

అందరూ పడీపడీ నవ్వారు. బావమరిదికీ నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది.

"మరి వేలెందుకు తీశారండీ? మూడ్రోజులు ఆపినవారు ఇంకో మూడ్రోజులు ఆపలేకపోయారా?" అన్నాడు టీకొట్టాయన.

బావ తన బొటనవేలి వంక చూసుకున్నాడు. బావమరిది దగ్గరికెళ్లి భుజం పట్టుకున్నాడు.

"లే బావా."

"నేనొచ్చి చూస్తే నిజమైపోతుందిరా," అన్నాడు బావ, నేలకేసి చూస్తూ. "ఇక్కడ కూర్చున్నంతసేపూ మీ అక్క బాగానే ఉంటుంది."

"నువ్వెక్కడున్నావో అక్కకి తెలుసు. 'మీ బావ ఎక్కడో కోతలు కోస్తుంటారు, మధ్యలో లేపకురా, చిన్నబుచ్చుకుంటారు. అయ్యేదాకా ఆగి తీసుకురా' అంది. నేను ఆగాను బావా. తనే ఆగలేకపోతోంది."

బావ చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తాడు.