సాబ్‌కు చెప్పని మూరెడు

ఏందిరా బిడ్డా గా బుక్కు? జర ఇటియ్యి. ఆ, కండ్లద్దాలు లెవ్వు, నువ్వే సదువు. ఓహో, ఇంజినీరింగ్ అంటే ఏంది, సివిలంటే ఏంది, మెకానికలంటే ఏంది, ఎవ్వలు ఏం పని జేస్తరు... మొదటేడు గిదే చెప్తరా? మంచిదే. గా పేర్లు మల్లోపాలి సదువు. ఇంజినీరు, సర్వేయరు, డ్రాఫ్ట్స్‌మన్, సూపర్‌వైజరు... అయిపోయినయా? గంతేనా? నీరటోడు లేడా? లేడు. ఎందుకుంటడు? నవ్వకు. నీ పంతులుకు నీరటి ముత్తయ్య ఎర్కుంటే, గీ బుక్కుల మొదలు గా పేరే రాయిస్తుండె.

ముత్తయ్య ఎవలంటవా? చంద్లాపూర్ అవతల మా పాత ఊరున్నది గద, గా ఊరి చెరువుకు నీరటోడు. తూము ఎప్పుడు తీయాలె, ఎవ్వల పొలానికి ఎన్ని గడియలు నీళ్లియ్యాలె, అంతా ఆయన చేతులనే. మనిషి బక్కగ ఉండె, ఎడమకాలు జర ఈడ్సెటోడు. చెప్పుల్లేకుంట కట్ట మీద నడుసుకుంట పోయి, ఒక్కకాడ ఆగి, "గీడ మట్టి మెత్తవడ్డది, కింద ఎలుక బొక్కున్నది, తవ్వుండ్రి" అనెటోడు. తవ్వితే ఉండేది! అరికాలుతోటే చెప్పెటోడు. తూము రాయి మీద గాట్లుండె. కొన్ని వాళ్ల తాత పెట్టినయి, కొన్ని వాళ్ల నాయిన పెట్టినయి. ఏ ఏడు నీళ్లు ఎందాంక వచ్చినయో గా గాట్లే లెక్క. కట్ట కాడ నీ సివిలు ఆయనే, తూము కట్టె ఇరుక్కుంటే నీ మెకానికలు ఆయనే. సంతకం మాత్రం రాదు.

ఏం చెప్తున్న? ఆ, మత్తడి. మత్తడంటే ఎర్కేనా? చెరువు నిండినంక మిగులు నీళ్లు పొర్లిపోయే జాగ, రాతికట్టు. ఇంజినీర్లది ఒక లెక్కుంటది. మత్తడి కంటె కట్ట నెత్తి ఇన్ని ఫీట్లు ఎత్తుండాలె అని. మీ పంతులు చెప్తడు తియ్యి. మా ఊరోళ్లది ఇంకో లెక్క. వానలు మొదలువడంగనే మత్తడి మీద మట్టి, గడ్డి పెల్లలు పేర్చి మూరెడు ఎత్తు చేసెటోళ్లు. మూరెడు నీళ్లు ఎక్కువాగితే మా ఊరి పటేల్ మెరక చేన్లు తడుస్తయి, మావి కూడ రెండో పంట పండుతయి. గది సర్కారుకు తెలిస్తే జుర్మానా, కేసు. అందుకే సాబ్ బండి రోడ్డు మీద కనవడ్డదంటే ముప్పై మంది ఉరికి పేర్చింది పీకేసి, రాయి కడిగి, ఏమెరుగనట్టు నిలవడెటోళ్లు. సాబ్ పోయినంక మల్ల పేర్చుడు. తాతల కాన్నుంచి గదే అలవాటు. ముత్తయ్య కూడ పేర్చిండు, నేను సుత పేర్చిన. మట్టిది గాబట్టి పెద్ద వానొస్తే దానంతటదే కొట్టుకపోయేది, ఊరికి ఏం గాకపోయేది.

నైజాం జమాన, లడాయి నడుస్తుండె. కట్ట ఒక్కదిక్కు కుంగిందని దరఖాస్తు పెడితే ఇంజినీర్ సాబ్ వచ్చిండు. మంచోడే పాపం, నెత్తికి టోపి, చెమటలు కక్కుకుంట. వెనుక ఓవర్సీరు, గొలుసు గుంజెటోళ్లు ఇద్దరు, మూడు కాళ్ల దుర్బీను. వాళ్లల్ల ఒక్కలకు సుత తెలుగు రాదు. గీతల కట్టె పట్టుకొని మత్తడి మీద నిలవడ్డది నేను. నాకు ఇరువై రెండేండ్లు. సిద్దిపేటల దస్తగిర్ మౌల్సాబ్ కాడ నాలుగు జమాత్‌లు ఉర్దూ సదివిన. అబ్బా, ఏం కొట్టెటోడు బిడ్డా, ఈతబరిగె ఇరిగేదాంక! ఊర్లె ఉర్దూ వచ్చినోణ్ని నేనొక్కణ్నే, అందుకే సాబ్ మాట మాకు, మా మాట సాబ్‌కు చెప్పుడు కూడ నా పనే అయింది. మత్తడి పొద్దుగాలే కడిగి పెట్టినం. సాబ్ దుర్బీనుల జూసి లెక్క రాసుకున్నడు. రాసుకొని ముత్తయ్యను పిలిచిండు. "నీరటివి నువ్వే గద, నీళ్లు ఎందాంక వస్తయి?" అని అడిగిండు. ఏ సాబ్ అట్ల అడగలే బిడ్డా! కూలోణ్ని పిలిచి అడిగినోడు గా ఒక్కడే. ముత్తయ్య ముందుకొచ్చి తూము రాయి మీద గాటు మీద వేలు పెట్టిండు. "సారూ, మీరు జూసిన మత్తడి ఉత్తది. మేము ప్రతి ఏడు మూరెడు పెంచుతం. తప్పే, గని పెంచుతం. నీళ్లు గీ గాటు దాంక వస్తయి, కట్ట దీన్ని జూసి కట్టుండ్రి" అన్నడు. సాబ్ నా దిక్కు జూసి "క్యా బోల్‌రా?" అన్నడు.

నా ఎనుక పటేల్ నిలవడ్డడు. ఏమనలే, జర దగ్గిండు గంతే. మేమున్న ఇల్లు పటేల్ జాగల ఉండె, నా పెండ్లయి ఆరు నెలలు. నేనేం జెయ్యాలె, నువ్వే చెప్పు. "మత్తడి దాంకనే వస్తయంటుండు సాబ్. గా గాట్లు కొడవండ్లు నూరినయంట" అన్న. సాబ్ నవ్విండు. ముత్తయ్య కూడ నవ్విండు, తన మాట సాబ్‌కు ఎక్కిందనుకున్నడు.

కట్ట అయింది. నున్నగ, చక్కగ, దుర్బీనుతోటి జూసిన కట్ట. ఇగ పటేల్ ఏం జేసిండు? "కొత్త కట్ట వడ్డది, ఇంకేం భయం" అని మట్టి కాదు, రాయి సున్నంతోటి మత్తడి మీద గోడే కట్టించిండు. మూరెడు కాదు, రెండు మూరలు. ఊరోళ్లం మేమే రాళ్లు మోసినం. ముత్తయ్య అందరి కాళ్లు పట్టుకున్నడు, "ఇది మట్టి గాదురో, కొట్టుకపోదు, కట్ట పోతది" అని. ఎవ్వలిన్నరు? శ్రావణంల ముసురు వట్టింది, మూడు దినాలు. నాలుగో దినం పొద్దున ముత్తయ్య గడ్డపార పట్టుకొని మత్తడి మీదికి వోయిండు, గోడ వలగ్గొడ్తనని. పటేల్ మనుషులు రెక్కలు పట్టి ఈడ్సుకొచ్చిన్రు. అంబలి తాగే యాళ్లకు కట్ట తెగింది. కింద పొలాలన్ని ఇసుకైనయి. కట్ట కింద ఉండే వడ్డెర ఐలవ్వ, ఆమె గుడిసె, ఆమె మేకలు... మేకలు దొరికినయి. నీళ్లు తగ్గంగనే గోడ రాళ్లు మిగిలినయి కూడ పీకి దూరం పారేసినం. చెప్పిన గద, పీకుడు మాకు అలవాటే.

సాబ్ మల్ల వచ్చిండు. మత్తడి బోడిగున్నది, ఆయన రాసుకున్నట్టే. లెక్క తప్పలే, మల్ల కట్ట ఎట్ల తెగింది? తెల్లమొఖం వేసుకొని ముత్తయ్యను పిలిచిండు. ఇప్పుడు ఊర్లె అందరు పటేలే ముత్తయ్యను ముంచిండు అంటరు. నీరటితనం పటేల్ మనిషికి ఇప్పిచ్చిండు, నిజమే. ముత్తయ్య షోలాపూర్ దిక్కు వోయిండు, ఏదో చెరువు కట్టకు మట్టి మోసుకుంటనే సచ్చిండంట, మా ఊరి అంజన్న జూసొచ్చి చెప్పిండు. మట్టి మోసుడంట! అరికాలుతోటి కట్ట సదివెటోడు. అందరు పటేల్‌నే తిడ్తరు. నేను సుత తిడ్త. నలభై ఏండ్ల సంది తిడుతున్న.

గని గా దినం నడుమ నిలవడ్డది పటేల్ గాదు. "కట్ట ఎందుకు తెగింది, అడుగు" అని సాబ్ నాకు చెప్పిండు, నేను అడిగిన. ముత్తయ్య ఏడ్సుకుంట, "మత్తడి మీద గోడ కట్టిన్రు సారూ. మొదాలే చెప్పిన, గాటు జూపిచ్చిన. గీ తమ్మిని అడుగుండ్రి, తమ్మి ముంగటే చెప్పిన" అని నా రెక్క పట్టుకున్నడు. సాబ్ కలం తీసిండు. నేనన్న గద, "ఎలుక బొక్కలు జూస్కోలేదంట సాబ్. నాదే తప్పంటుండు." సాబ్ రాసుకున్నడు. ముత్తయ్య సాబ్‌కు రెండు చేతులెత్తి మొక్కిండు. ఎనుకకు వొయ్యేటప్పుడు నా ఈపు మీద చెయ్యేసి, "మంచిగ చెప్పినవ్ తమ్మీ, నాకైతే మాట రాకపోవు" అన్నడు.

...

గా మంచం జర నీడకు గుంజు బిడ్డా. ఎండ మీదికొచ్చింది.