మంచుకొండల కుక్క, దుమ్ముగూడెం ఎండ

దుమ్ముగూడెంలో పిచ్చయ్య టీకొట్టు బల్ల మీద వెంకటప్పయ్య కూర్చున్నాడంటే, ఇక లేచేది గొంతెండిపోయాకే. కోస్తా నుంచి వచ్చి మిరపతోటలు వేసి నిలదొక్కుకున్న మనిషి. ఆయన ఇంట్లో పనిచేసే జంపక్క వచ్చి గుంజకు ఆనుకుని నిలబడింది. కుక్కపిల్ల వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు పని రెట్టింపయింది, నెలజీతం మాత్రం అదే మూడువందలు. పెంచమంటే "కుక్క ఖర్చుకే చాలడం లేదే" అంటాడాయన. ఇవాళ నలుగురిలో అడుగుదామని వచ్చింది. తీరా చూస్తే కథ ఆ కుక్క గురించే. తను రోజూ కడిగే కుక్క గురించి ఈయన ఏం చెప్తాడోనని ఆమెకూ కుతూహలం పుట్టింది.

"మంచుకొండల జాతయ్యా అది! హైదరాబాదులో పదివేలు పోసి కొన్నా."

"పదివేలే!" ఆటో రవీందర్ నోరు తెరిచాడు.

ఆ నోరు చూశాక ధర తక్కువైందనిపించింది వెంకటప్పయ్యకు. "పదివేలు బయానాయే. మొత్తం లక్ష. బస్సెక్కితే కండక్టరేమన్నాడో తెలుసా? ఇంత జాతికుక్కను సీట్లో కూర్చోబెట్టి మీరు నిలబడండి సార్ అన్నాడు. ఖమ్మం దాకా నిలబడే వచ్చా!"

"తిండేం పెడ్తవ్ సార్?" పిచ్చయ్య అడిగాడు.

"పొద్దున మేక, సాయంత్రం మేక. ఎండాకాలం భద్రాచలం నుంచి లారీడు ఐసు. ఒకనాడు లారీ రాలేదు. అప్పుడేం చేసిందనుకున్నారు? గొలుసు తెంచుకుని గోదాట్లో దిగింది. దాని ఒంటి చలికి నీళ్ళు జిల్లుమని, దిగువన భద్రాచలం రేవులో మునిగినోళ్ళు మే నెలలో గజగజా వణికి దుప్పట్లు కొనుక్కున్నారు!"

"గప్పుడు నేను గాడనే ఉన్న సార్. నాకు చలి పెట్టలే," అన్నాడు రవీందర్.

"నువ్వు మునిగావా?"

"లే."

"మరింకేం!"

జంపక్క ఆశ్చర్యంగా వింటోంది. గొడ్లకొట్టంలో తడిగోనె కప్పుకుని, ఆమె కలిపిన జావ తాగి, బల్లి కనబడితే ఆమె కాళ్ళ మధ్య దూరే కుక్క ఇదేనా?

"గసొంటి కుక్కను ఎవరు సాకుతరు అయ్యా?" అని అడిగింది.

అడిగిందెవరో తలతిప్పి చూడనైనా లేదాయన. "ఆడోళ్ళ వల్లయ్యే పనా అది! మద్రాసు నుంచి ఇద్దరు మగాళ్ళను పెట్టా. కడగడానికొకడు, తిండి పెట్టడానికొకడు. చెరో మూడువేలు, పైన భోజనం. ఖర్చంటే అదీ!"

"గా ఇద్దరూ ఏడుంటరయ్యా? కడిగేది నేనేనాయె, తిండి పెట్టేది నేనేనాయె."

రవీందర్ తొడ చరిచి నవ్వాడు. వెంకటప్పయ్య ఇప్పుడు తిరిగి చూశాడు. నిజమంటే ఆరువేలు ఇవ్వాలి, అబద్ధమంటే లక్ష రూపాయల కుక్క ఇక్కడే చస్తుంది.

"అబ్బే, ఏదో కథకి అన్నాలేవే..."

"అవ్ అయ్యా. కథల ఉన్నోళ్ళకే అంతిస్తివి. కండ్ల ముంగటున్నదానికి ఎంతిస్తవో గీళ్ళందరూ వినంగ చెప్పు."