పులిహోర పొట్లం ముందు ప్రార్థన

శనివారం సాయంత్రం. నర్సీపట్నంలో రిటైర్డు హెడ్మాస్టరు ఆశీర్వాదంగారి వరండా. భార్య పుష్పవతి చర్చి సంఘం బియ్యం చేటలో పోసుకొని రాళ్ళు ఏరుతోంది. ఆయన పేపరు పట్టుకున్నాడు గానీ చదవడం లేదు. అలా పట్టుకున్నా ఆవిడ ఊరుకోదని ఆయనకు బాగా తెలుసు.

“రేపయినా చివరిదాకా ఉంటారా, మోటరు ఆపడం మర్చిపోయానని మళ్ళీ లేచొచ్చేస్తారా?”

“ఎక్కడ్నించి?”

“ఎక్కడ్నించేటి, చర్చిలోంచి. పోయిన నెల ప్రభువు బల్ల ఆరాధనలో పాస్టరయ్యగారు రొట్టె పట్టుకొని మన వరసకి వచ్చేసరికి మీ కుర్చీ ఖాళీ.”

“మోటరు నిజంగానే...”

“మోటరు నేనే ఆపి వచ్చాను.”

“బియ్యం ఏరుకో పుష్పా.”

“ఏరుతూనే ఉన్నాను. ఇంటింటా అన్నం వండేటప్పుడు గుప్పెడు తీసి పెట్టిన బియ్యం ఇవి. రాయి తగిలితే ఆసుపత్రి దగ్గర జనం మనల్నే అంటారు. సోమవారం పులిహోర పంచడానికి వస్తున్నారు కదా?”

“మోకాలు నొప్పి.”

“ఈ మధ్య ఎప్పుడడిగినా మోకాలే. అదివరకు ఆసుపత్రి గేటు దగ్గర షెడ్డులో అందరికంటే ముందు మీరే ఉండేవారు.”

“వయసొచ్చింది.”

“వయసు మోకాలికే వచ్చిందా? సరే, రేపటి సంగతి చెప్పండి. ఆరాధన అయ్యాక వరాహ ఏటి దగ్గర లోవమ్మకి బాప్తిస్మం. చెయ్యి పట్టుకొని నీళ్ళలోకి దింపేది మీరే అని అయ్యగారు అన్నారు. పోయిన వాళ్ళాయన భీమన్న గురించి సాక్ష్యం కూడా మీరే చెప్పాలట.”

“నేను చెప్పను.”

“ఏం?”

“అది సాక్ష్యం కాదు కాబట్టి.”

“కాకపోతే మరేటి? గొలుగొండ నుంచి సుగరు జబ్బుతో వచ్చిన ముసలాయన. మీరు ప్రార్థన చేస్తుంటే తిండి పొట్లం కూడా పెళ్ళాం ఒళ్ళో పెట్టేసి, నేల మీద సాష్టాంగపడి, మళ్ళీ కళ్ళు తెరవకుండానే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రోజు వచ్చిన విశాఖ అయ్యగార్లు వాళ్ళ చర్చిలో కూడా చెప్పారట.”

“ఆయన సాష్టాంగపడటం నువ్వు చూశావా?”

“కళ్ళు మూసుకున్నాను కదండీ.”

“అందరం మూసుకున్నాం. ధబ్బుమని చప్పుడైంది. నా ప్రార్థనకి మనిషి కరిగిపోయాడనుకున్నాను పుష్పా. గొంతు ఇంకాస్త పెంచాను.”

“నేను స్తోత్రం అన్నాను.”

“అందరూ అన్నారు.”

“మరి మీ తప్పేటుంది అందులో?”

“నీకు ముందు జరిగింది తెలీదు. పొట్లం చేతిలో పెట్టినప్పుడు భీమన్న నా చొక్కా పట్టుకున్నాడు. సూదేసినారు బాబూ, బేగి తినీమన్నారు అన్నాడు.”

“మీరేమన్నారు?”

“ఒక్క నిమిషం ఆగు, దేవుడికి వందనాలు చెప్పుకొని తిందాం అన్నాను.”

“ఒక్క నిమిషమా? ఆ రోజు మీరు ఆదాము దగ్గర మొదలెట్టారు.”

“అవును.”

“మోషే ఎర్రసముద్రం దాటేసరికి పులిహోర చల్లారిపోయింది. నేను మోచేత్తో పొడిచాను కూడా.”

“అది ఆపమనా? వెనక ఉన్నవాళ్ళకి వినపడటం లేదు, గట్టిగా చెయ్యమంటున్నావనుకున్నాను. స్కూల్లో జెండా పండక్కి అందుకే కదా పొడిచేదానివి.”

“అయ్యో దేవా.”

“ఆ సూది వేసుకున్నాక తినకుండా కూర్చుంటే సుగరు పడిపోయి ప్రాణం మీదకొస్తుందట. మందుల షాపతను వేరే ఎవరికో చెప్తుంటే విన్నాను. మాత్రలు తీసుకోకుండానే ఇంటికొచ్చేశాను.”

“పెద్దవయసు కదండీ. ఇక్కడి డాక్టర్లు విశాఖ పంపిస్తే దారిలోనే పోయాడంటే ఇంకేదో కూడా...”

“వయసు మీదకి తొయ్యకు. నేనూ తోసి చూశాను. మళ్ళీ నా దగ్గరికే వస్తోంది.”

“పోనీ, ఎందుకండీ అంతసేపు చేశారు? విశాఖవాళ్ళు వచ్చారనా?”

“అదొకటి. స్కూల్లో అయితే గంట కొట్టేవాడు ఉండేవాడు, ఆపేవాణ్ణి. రిటైరయ్యాక నా మాట వినేవాళ్ళెవరు చెప్పు? నువ్వు కుక్కరు విజిల్ వింటావు. షెడ్డులో వాళ్ళు వినేవారు. పొట్లం చేతిలో పెట్టాక లేచి పోరు కదా.”

“అలా అనకండి. సేవ చేశారు మీరు.”

“అంతమంది తలలు వంచుకొని నా ముందు కూర్చోవడం నాకు నచ్చేది పుష్పా. అదీ నిజం. ఆ నోటితో రొట్టె ఎలా తీసుకోను?”

“ఇప్పుడు లోవమ్మకి చెప్తారా?”

“చెప్పకుండా ఆవిడ చెయ్యెలా పట్టుకోను?”

“చెప్తే ఆవిడకేం మిగులుద్ది? మొగుడు దేవుడికి మొక్కుతూ పోయాడన్న మాట ఒక్కటే ఉంది పాపం ఆవిడ దగ్గర. మీ మనసు తేలికపడ్డానికి అది కూడా లాక్కుంటారా?”

“తెలీదు. నిజంగా తెలీదు పుష్పా.”

“ఉండండి, గేటు చప్పుడైంది. ఆవిడే. ఏం మాట్లాడకండి మీరు.”

“అమ్మా, సీతాపలాలు తెచ్చినాను. మా కొండపక్కన కాసినవి. మేస్టారికి మోకాలు బాగోలేదని అయ్యగారు సెప్పినారు.”

“ఎందుకు లోవమ్మా ఇవన్నీ మోసుకొచ్చావు? ఇలా కూర్చో, మంచినీళ్ళు తెస్తాను.”

“వొద్దమ్మా, బస్సు ఎలిపోద్ది. రేపు తెల్ల సీరే కట్టాలేటి? నా దగ్గర నేత సీరొకటి ఉంది, అంచు పసుపు.”

“పరవాలేదు, అదే కట్టుకో. తడిసినా ఒంటికి...”

“లోవమ్మా.”

“ఏవండీ, మీకు కాఫీ పెట్టమంటారా?”

“ఉండు పుష్పా. లోవమ్మా, భీమన్న మొక్కలేదు. పడిపోయాడు. సూది వేశారు, బేగి తినాలని నాతో చెప్పాడు. నేను ఆగమన్నాను. ఆగమని చెప్పి నా ఇష్టమొచ్చినంతసేపు ప్రార్థన చేశాను. నావల్లే పోయాడు. తిట్టమ్మా. ఏదో ఒకటి అను.”

“మొక్కనేదని నాకు తెలుసు బాబూ.”

“తెలుసా?”

“పక్కనే ఉన్నాను కాదేటి. మీరు కళ్ళు మూసుకోగానే ఆయన పొట్లం ఇప్పీసినాడు. ముద్ద కూడా ఎత్తినాడు. సిగ్గునేదా, పెద్దోలు దండం పెడతంటే నువ్వు తింటావేటి, సూసినారంటే మళ్ళీ వారం మనకి పెట్టరు అని సేతిలోంచి లాగీసినాను.”

“లోవమ్మా...”

“ఇవ్వే, ఇవ్వే అన్నాడు. సేతులు వొణికిపోతన్నాయి. ఇవ్వనేదు. ఒళ్ళో పెట్టుకొని కొంగు కప్పీసినాను.”

“ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేటమ్మా?”

“ఎలా సెప్పనమ్మా? మీరంతా మొక్కుతా పోనాడు, మొక్కుతా పోనాడు అంటంటే ఊరుకున్నాను. కూడు తినబోతే ఆ సేతులే కనపడతన్నాయి. ఏట్లో మునిగితే ఎంత పాపమైనా పోద్దని అయ్యగారన్నారు. అందుకే మునుగుతానన్నాను.”

“నీది కాదమ్మా ఆ పాపం. నాది.”

“మీరెప్పుడో మునిగినోరు కాదా బాబూ. నిజం సెప్పండి. మీకు పోనాదా?”