చారు గ్లాసు

ఐర్లండ్‌లోని నేవన్ ఊరు, 2020 జులై. ఒక ఇంటి గుమ్మంలో పురుషోత్తం, ఐస్ హాకీ జట్టు కెప్టెన్. గేటు పక్కన ధరణి. డబ్లిన్‌లో ఎమ్మెస్ చదువుతోంది, జట్టులో అందరికన్నా చిన్నది.

"అక్కడే ఆగమ్మా ధరణీ. కుర్చీ తుడిచే వేశాను."

"కూసోను అంకుల్. ముందు గ్రూపుల ఆ మెసేజ్ ఏంది? 'రిటైర్ అవుతున్నాను, అందరికీ థాంక్స్.' గంతేనా? పదకొండేండ్ల కెప్టెన్సీ రెండు ముక్కలల్ల అయిపోతదా?"

"యాభై నాలుగొచ్చాయి. మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంకా ఎన్నాళ్ళేటి?"

"మార్చిల లేని మోకాళ్ళ నొప్పి జులైల వచ్చిందా?"

"టీ తాగుతావా? పేపర్ కప్పులు తెచ్చాను."

"మాట మార్చకుండ్రి. బెల్‌ఫాస్ట్ మంచు రింక్ మళ్ళ తెరుస్తరంటున్నరు. మన జట్టుల ఐరిష్ డెక్లన్ ఫోన్ చేసిండు. కెప్టెన్ లేకుంటే నేను రానన్నడు. వైజాగ్‌ల చక్రాల స్కేట్లు నేర్చుకున్న మనిషి మమ్మల్ని మంచు మీద నిలబెట్టిండని ఊరంత చెప్తడు ఆయన. రెండు గంటలు వ్యాన్ల పోయి మరీ ఆడుతున్నమంటే ఎవరి వల్ల?"

"నా వల్ల కాదు. మీ ఆంటీ మిరియాల చారు వల్ల. మ్యాచ్ అయ్యాక అది దొరుకుతుందనే వచ్చేవారు అందరూనూ."

"అదీ నిజమే."

"డెక్లన్ మొదటిసారి తాగిన రోజు గుర్తుందా? ఎత్తి పోసుకోమంటే ముక్కులో పోసుకున్నాడు."

"ఆంటీ ఆయన గడ్డం తుడుసుకుంట తెలుగులనే తిట్టింది. 'ఎంగిలి చేయకు నాయనా, వెనకాల పదిమంది తాగాలి' అని."

"ఒకటే గ్లాసు, పన్నెండు మంది. నేను పెట్టిన రూలే. ఒక్క గ్లాసులో తాగితేనే ఒక్క జట్టు అని... పెద్ద తెలివైనవాణ్ణి అనుకునేవాణ్ణి."

"రూలు మంచిదే అంకుల్."

"మంచిదే. అడుగున మిగిలింది ఆవిడ తాగేది. ఎప్పుడూ ఆఖరికి ఆవిడే."

"అంకుల్..."

"నా వల్ల కాదమ్మా. మోకాళ్ళూ కాదు, ఏమీ కాదు. వ్యాన్‌లో ముందు సీటు ఖాళీగా ఉంటే బండి నడపలేను. అంతే."

"మార్చి దాంక ఆ సీట్ల ఆంటీనే కూసునేది."

"ఆవిడని శ్మశానానికి తీసుకెళ్ళిన రోజు పదిమందికే పర్మిషన్. మనవాళ్ళు ఆరుగురు ఇదిగో ఈ రోడ్డు పక్కన నిలబడి, హాకీ కర్రలు నేలకేసి కొట్టారు. దెబ్బ తగిలి పడ్డవాళ్ళు లేస్తే కొడతాం చూడు, అలాగ. ఆవిడ లేవలేదు మరి."

"నేను రాలె ఆ రోజు."

"లాక్‌డౌన్‌లో డబ్లిన్ నుంచి ఎలా వస్తావు? దారిలో పోలీసులు ఆపేసేవారు కదా."

"రావాలనుకుంటే..."

"సరే, ఇలా చూడు. ఈ కవరు కుర్చీ మీద పెడతాను. నేను వెనక్కెళ్ళాక తీసుకో."

"ఏమున్నది ఇండ్ల? ఇది... ఇది మీ జెర్సీ మీది 'సీ' అక్షరం కదా! కెప్టెన్ సీ! ఎందుకు ఊడదీసిన్రు?"

"ఆవిడ కుట్టు గట్టిది. విప్పడానికి గంట పట్టింది. నీ జెర్సీకి కుట్టుకో. ఇక నువ్వే కెప్టెన్‌వి."

"నాకొద్దు."

"ఒద్దంటే ఎలా?"

"డెక్లన్‌కియ్యుండ్రి."

"వాడి బూట్ల లేసులే వాడికి కట్టుకోవడం రాదు."

"నవ్వించకుండ్రి అంకుల్. నాకొద్దంటే ఒద్దు. ఆంటీకి కరోనా ఎట్ల అంటుకున్నదో మీరు ఎవ్వరికీ చెప్పలే. అడిగినా చెప్పలే."

"పెట్రోల్ బంకులోనో, షాపులోనో. ఎవరు చూశారు? నేనే తెచ్చుంటాను."

"మీరు తేలె."

"వదిలేయమ్మా."

"మీరు తేలె అంకుల్! ఆఖరి మ్యాచ్ నాడు వ్యాన్ ఎక్కేటప్పుడు అందర్నీ అడిగిన్రు, ఎవరికన్న ఒంట్ల బాగలేదా అని. నేను 'గ్రాండ్', మంచిగనే ఉన్న అన్న. పొద్దుగాల సంది జరమున్నది నాకు. చెప్తే ఇంటికాడ కూసోబెడ్తరని రెండు గోలీలు ఏసుకొని వచ్చిన. మ్యాచ్ అయినంక చేతులు ఒకటే వణుకుడు. గ్లాసు ఎత్తలేకపోయిన. పెదవులు ఆనిచ్చి తాగిన. ఎంగిలి చేసిన. నా తర్వాత ఆంటీనే. ఎవ్వరు చూడలే అనుకున్న."

"ఏడవకు."

"తిట్టుండ్రి అంకుల్. నాలుగు నెలల సంది నిద్ర లేదు. ఏమన్న అనుండ్రి."

"ఆవిడ చూసింది."

"ఏంది?"

"నువ్వు పెదవులు ఆనించడం చూసింది. ఇంటికొచ్చాక నాతో చెప్పింది. 'పిల్ల వణికిపోతోంది, ఎంగిలని పారబోస్తే అందరిముందూ చిన్నబోదా' అని తాగేసిందట."

"అంటే... మీకు మొదటి సంది తెలుసా?"

"తెలుసు. అంబులెన్స్ ఎక్కుతూ, తర్వాత కెప్టెన్‌ని ధరణిని చేయండి అంది."

"నేను చేసింది మీతోని చెప్తేనే ఇయ్యమన్నదా?"

"చెప్పినా ఇవ్వండి, చెప్పకపోయినా ఇవ్వండి అంది."