చావింటి సామాను, కంప్యూటరు లెక్క

లోవలక్ష్మి అని, తుని అవతల నూకరాజు టెంట్ హౌసు ఉంది చూడండి, ఆయన కోడలు. ఆ పిల్లకి కుర్చీలంటేనే విసుగొచ్చేసిందంట. మొయ్యలేక కాదమ్మా, కంప్యూటర్లో ఎక్కించలేక. ఏమైందంటే, ఆడిటరు గారు నూకరాజుని కూచోబెట్టి, ఇంక పుస్తకాల్లో రాస్తే కుదరదయ్యా, లెక్కలకి ఏదో ఒక సాఫ్ట్‌వేరు కొనుక్కో అన్నాడంట. నూకరాజుకేం తెలుసు, చవగ్గా దొరికింది ఒకటి తెచ్చేడు. ఇంట్లో ఇంటరు చదివింది కోడలొక్కత్తే, పని ఆ పిల్ల నెత్తిన పడింది. ఆరొందల పన్నెండు కుర్చీలు, షామియానాలు, అండాలు, గరిటెలు, అన్నీ పేరుపేరునా ఎక్కించింది. తీరా చూస్తే అది కిరాణా కొట్లకి చేసిందంట. పోయిన సరుకు మళ్ళీ తిరిగొస్తాదని దానికి తెలీదు. పెళ్ళికి రెండొందల కుర్చీలు పంపితే అమ్మేసినట్టు, తిరిగొస్తే కొన్నట్టు రాసుకుంటా పోయింది. ఏడాది తిరిగేసరికి ఈళ్ళు ఇరవై వేల కుర్చీలు కొన్నట్టు తేలింది. నవ్వకండే, ఆడిటరు గారు నవ్వలేదు.

అందుకని రెండోది కొన్నారు, ఖరీదైంది. అద్దె సామాన్లకనే చేసేరంట. సామాను ఎప్పుడెళ్ళింది, ఎప్పుడు రావాలి, అన్నీ అదే చూసుకుంటాదండీ, మీరు కాలు మీద కాలేసుకుని కూచోడమే అన్నాడంట అమ్మినాయన. ఎవరి కాలో మరి. మళ్ళీ ఆరొందల పన్నెండు కుర్చీలూ, మళ్ళీ గరిటెలూ. మెడ పట్టేసింది అనుకోండి ఆ పిల్లకి. సరే, ఎలాగో అయ్యిందనిపించేసరికి పక్కూళ్ళో సింహాద్రి పెళ్ళాం పోయింది. పిల్లాజెల్లా లేరు, ముసలాళ్ళిద్దరే ఉండేవోరు.

ఇక్కడో సంగతి చెప్పాలి మీకు. నూకరాజు కొట్లో ముప్పయ్యేళ్ళ నించీ ఒక పద్ధతుంది. చావింటోళ్ళొస్తే ఎన్ని కావాలి, ఎప్పుడు తెస్తారు అని అడగడు. పట్టుకెళ్ళండి అంటాడు, అంతే. దినాలయ్యేక వాళ్ళే తెచ్చిచ్చి తోచింది చేతిలో పెడతారు. మనం చావింటి నించి వచ్చేటప్పుడు వెళ్ళొస్తామని అనం కదా, అలాగన్నమాట. ఆ పద్ధతి వల్లే చుట్టుపక్కల ఊళ్ళన్నీ పెళ్ళికైనా పేరంటానికైనా ఆయన గుమ్మమే తొక్కుతాయి. సింహాద్రి తరఫునొచ్చినోళ్ళకీ అలాగే పట్టుకెళ్ళండన్నాడు, మరి సాఫ్ట్‌వేరు ఊరుకోదే. తిరిగొచ్చే తారీఖు వెయ్యి, ఫోన్ నంబరు వెయ్యి, లేపోతే కుర్చీ కదలనివ్వనంటాది. పొద్దున్నించీ కూచుని కూచుని నడుం పడిపోయుందేమో, లోవలక్ష్మి ఏదో ఒకటిలే అని మూడోరోజు తారీఖేసి, సింహాద్రి నంబరు కొట్టేసింది.

మూడోరోజుకి ఆయన ఫోనుకి మెసేజీ వెళ్ళిపోయిందంట, దానంతటదే. 'మీ సామాను గడువు నేటితో ముగిసింది. మా సేవలు మీకు నచ్చాయని తలుస్తున్నాం. త్వరలోనే మీ ఇంట మాకు మరోసారి అవకాశం ఇవ్వగలరు' అని. ఇంక దినాలు కాకుండానే ఆ ముసలాయన గడప దాటి, కుర్చీలు రిక్షాలో ఏయించుకుని కొట్టుకొచ్చేడు. తిట్టలేదు, గొంతు పెంచలేదు. అమ్మా, మరోసారి అవకాశం ఇమ్మన్నారు, ఇవ్వడానికి నాకేం అడ్డం లేదు, ఇంట్లో ఇంక నేనొక్కణ్ణే కదా, మరి ఆవేళ మీకు కబురెట్టేదెవరమ్మా అన్నాడంట. నూకరాజొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని, తప్పయిపోయింది బావా, తప్పయిపోయింది అన్నాడు. ముసలాయన తలూపి వెళ్ళిపోయేడు.

నూకరాజుకి రెండ్రోజులు అన్నం సయించలేదు. ముప్పయ్యేళ్ళ పేరు, ఇంక ఎవరికైనా చావొస్తే మన గుమ్మం తొక్కుతారా అని ఒకటే దిగులు. మూడో సాఫ్ట్‌వేరాయన్ని పిలిపించేడు. దీంట్లో అలాంటి మెసేజీలు రావండీ, సామానంతా మళ్ళీ ఎక్కించుకుంటే చాలు అన్నాడాయన. చాలంట, వినండి. లోవలక్ష్మి కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి, మావయ్యా, ఇంక నేను కుర్చీలు ఎక్కించలేను, నా వల్ల కాదు, ఉన్నదాంతోనే కానిద్దాం అంది. మరి చావిళ్ళ సంగతేంటమ్మా అన్నాడు మావగారు. అదడిగేది ఏదో ఒక నంబరే కదా, నాది వేస్తాలెండి అంది.

అదిగో, అప్పటినించీ ఆ చుట్టుపక్కల ఎవరు పోయినా మెసేజీ లోవలక్ష్మికే వస్తాది. మీ ఇంట మరోసారి అవకాశం ఇవ్వగలరు అని. నెలకి నాలుగొస్తాయి, అయిదొస్తాయి. అన్నం తినేటప్పుడొస్తాది, పిల్లకి జడేసేటప్పుడొస్తాది. మొగుడు మొదట్లో, మానెయ్యవే, ఇంటికి మంచిది కాదు అన్నాడంట. ఎవరో ఒకరికి వెళ్ళాలి కదా, నాకైతే అలవాటైపోయింది అందంట ఆ పిల్ల. చదువుకుని, చెరిపేసి, మళ్ళీ జడేస్తాది.

ఇదమ్మా సంగతి. ఏ సాఫ్ట్‌వేరు మంచిదంటే నాకేం తెలుస్తాది, నాకు ఫోను నొక్కడమే రాదు. నేను పోయినప్పుడు మాత్రం కుర్చీలు అక్కణ్ణించే తెప్పించండి. మీ నంబరెవరూ అడగరు.