గుమ్మడికాయ మీద దారం

ఆ మ్యాపు మడిచి దాచకండి. పరచండి బల్ల మీద! ఇంకా చెప్పులైనా విప్పలేదు, అప్పుడే ‘ప్రయాణం బాగా జరిగిందా’ అని అడుగుతారా?

జరిగింది. మహా బాగా జరిగింది. నేను వెళ్ళేసరికి మా అక్కని ఐసు పెట్టెలో పెట్టేశారు. చాలా?

ఆపరేషన్‌కి ముందు నన్నొక్కసారి చూడాలంది. అంతేగా అది అడిగింది? మన అమ్మాయి నేరుగా వెళ్ళే విమానానికి టిక్కెట్టు కొంది. పద్నాలుగు గంటల్లో దింపేసేవాడు. దాన్ని మీరు రద్దు చేయించారు! ఎందుకటా? కంప్యూటర్లో దాని దారి చూసి, ‘విల్లులా వంగి మంచు దేశాల మీదుగా పోతోందే, చుట్టుదారి, దోపిడీ’ అన్నారు. చుట్టు తిప్పే బస్సు డ్రైవర్లను పట్టుకుంటూ రిటైరైన ఇన్‌స్పెక్టరు గారు కదా మరి! స్కేలు పెట్టి తిన్నగా గీత గీశారు. ఆ గీత మీద తగిలిన ఎయిర్‌పోర్టులో విమానం మారే టిక్కెట్టు కొన్నారు. అడ్డదారట!

విమానం మారడానికి దిగిన ఆ ఎయిర్‌పోర్టులో ఒక పూటంతా పడి ఉన్నాను. కుర్చీకీ కుర్చీకీ మధ్య ఇనుప కమ్మి, నడుం వాల్చే దిక్కు లేదు. అక్కడ్నించి ఫోన్ చేస్తే ఏమన్నారు? ‘సగం దూరం అయిపోయిందిగా, గీత తిన్నగానే ఉంది’ అన్నారు!

లేవకండి. ఇదిగో గుమ్మడికాయ. ఈ చుక్క మన ఎయిర్‌పోర్టు, ఆ చుక్క వాళ్ళది. ఈ దారం బిగించి పట్టుకోండి. ఎటు పోయింది? పైకి, తొడిమ వైపు పోయిందా లేదా? భూమి కాగితం కాదండీ బాబూ! విమానంలో నా పక్కన స్వెట్టర్ అల్లుకునే ఆవిడ నారింజపండు మీద ఉన్నిదారం లాగి చూపించింది. అప్పుడు ఏడ్చాను చూడండి, ఆవిడ హడలిపోయింది.

భుజాలెందుకు తడుముకుంటున్నారు? గుమ్మడికాయ దొంగ అని నేనింకా అననే లేదే?

తెలియక చేశారా? సరే, మ్యాపు సంగతి వదిలేశాననుకోండి. మరి ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో మంచం ఆపించి, ‘చెల్లి ఎక్కడిదాకా వచ్చింది మరిదిగారూ’ అని అక్క మీకు ఫోన్ చేసిందట. బావగారు చెప్పారు. మీరేమన్నారు? ‘ఊరి మీదికి వచ్చేసింది వదినా, ఇంకో గంట’ అన్నారు. నేనప్పటికి ఆ ఇనుప కుర్చీలోనే ఉన్నాను. మీకు తెలుసు! మీ అడ్డదారి తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు, అంతేగా?

గంటే కదా, ఆగుదామంది అక్క. డాక్టర్లు వద్దంటున్నా వినలేదు. ఆ గంట గడవకుండానే పోయింది.

ఇప్పుడేడిస్తే ఏం లాభం? కత్తిపీట ఇటు జరపండి. పొయ్యి వెలిగించాలి, తినాలి, ఏం చేస్తాం? కాయ ఉంది, కూర వండుతాను.

అదిగో, ఫోన్ మోగుతోంది. అమ్మాయే. నన్ను చూస్తారేం? మీరే తీయండి. వాళ్ళ పెద్దమ్మ ఎందుకు ఆగిందో మీ నోటితోనే చెప్పండి. చుట్టు తిప్పకుండా చెప్పండి.