దానయ్య అడిగే ప్రశ్న

ఒరే పిల్లలూ, రేవుకి పోయే దారిలో మొగలిపొదల వెనక గిలక లేని బావి ఉంది కదా, దాని నీళ్ళు ఎవరూ ఎందుకు తోడరో చెప్పగలరా? ఉప్పు నీళ్ళనా? తప్పు. సముద్రం పక్కనే ఉన్నా కొబ్బరినీళ్ళలా ఉంటాయట. మరెందుకు? చెబుతాను, దగ్గరికి జరగండి.

ఆ రోజుల్లో మన పల్లెలో తవిటమ్మని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు దానయ్య తెప్పమీద వేటకెళ్ళాడు, గాలివాన వచ్చింది, తెప్ప ఒడ్డుకొచ్చింది గాని మనిషి రాలేదు, శవమూ రాలేదు. మరి శవం లేకుండా చావని ఎలా తేలుస్తారు? దానికి అప్పట్లో ఒక పద్ధతి ఉండేది, ఇది బాగా వినండి. పోయినవాడు దెయ్యమై ఎవరికైనా కనిపిస్తే చచ్చినట్టు. అప్పుడే కర్మ చేసి పెళ్ళానికి గాజులు తీసేస్తారు. కనబడకపోతే బతికున్నట్టే, గాజులు ఉంటాయి. అంటే ఏమిటి? ఊరందరికీ దెయ్యమంటే భయమైతే, తవిటమ్మకి దెయ్యం కనబడిందన్న మాటంటే భయం.

అలా ఉండగా ఆడపడుచు అసిరమ్మ ఒకనాడు కుండ పడేసి పరిగెత్తుకొచ్చి, బావి గట్టున మా అన్న కూర్చుని వల కుట్టుకుంటున్నాడని చెప్పింది. ఇంకేముంది, రేపు పొద్దున్నే గాజులు తియ్యండన్నాడు ఊరిపెద్ద. తవిటమ్మకి ఒళ్ళు మండి, "మీ కళ్ళకి పొరలొచ్చినాయేటి, కొంగని సూసి మనిసనుకున్నారు, నానే ఎల్లి సూసొత్తాను" అని ఇంకా వెలుగుండగానే బయల్దేరింది.

వెళ్తే ఏమైంది? కూర్చునే ఉన్నాడు. ముందు పాదాలు చూసింది, మనలాగే ముందుకే ఉన్నాయి. నీడ చూసింది, ఉంది గాని అది అతనిదో పొదదో తేలలేదు. పోనీ బతికున్నాడనుకుందామంటే ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి, కింద ఇసక మాత్రం పొడిగా ఉంది. సరే చచ్చాడనుకునేలోగా అతను ఎప్పటిలాగే విసుక్కుని, కూడు తేనేదేటే అన్నాడు. దెయ్యాలకి ఆకలుంటుందా? నాకు తెలీదు, మీ పుస్తకాల్లోనూ లేదు.

ఆవిడ, "మావా, బతికుంటే లెగిసి ఇంటికి రా, సచ్చిపోతే సచ్చిపోనానని సెప్పు, రేపు నా గాజులు తీసేత్తారు" అంది. దానయ్య సూది ఆపి, తల గోక్కుని, "అదే నాకూ తెల్డం నేదే తవిటీ, ఎవులైనా వొత్తే అడుగుదామనే కూకున్నాను. నువ్వే సెప్పు, నాను బతికున్నానా, సచ్చిపోనానా?" అన్నాడు.

ఇప్పుడు మీరు చెప్పండి, ఆవిడేమనాలి? బతికున్నావంటే ఆ తడి మనిషి లేచి వెంట వస్తాడు. చచ్చావంటే తన గాజులు తనే తీసేసుకున్నట్టు. చివరికి, "ఆలోసించి సెప్తాను, అందాకా ఆగు మావా" అని వెనక్కి చూడకుండా వచ్చి, అక్కడెవరూ లేరని ఊరికి చెప్పేసింది. పెళ్ళామే లేడంటే ఊరిపెద్ద మాత్రం ఏమంటాడు? గాజులు ఉండిపోయాయి. ముసలిదై గాజులతోనే పోయింది గాని, జవాబు చెప్పడానికి మాత్రం మళ్ళీ అటు వెళ్ళలేదు.

ఇక ఆవిడ రాదని తెలిసిందో ఏమో, ఇప్పుడు అటు పోయినవాళ్ళందర్నీ అడుగుతున్నాడంటారు. ఇన్నేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, నాకే తెలీని జవాబు మీకేం తెలుస్తుంది? అంచేత అటు పోకండి. లెండిక, ఎండబెట్టిన చేపలు సగమే ఎత్తాను, మిగతావి మంచు దిగకముందే ఎత్తేసి వస్తాను.